హక్కుదారులు మారిన గోడలు

సెవియాకు వచ్చే మన చుట్టాలు, స్నేహితులు అడిగే మొదటి ప్రశ్న, "ఇన్ని చర్చిలున్నాయి కదా, వీటిలో ఏవి చూడాలి?" అని. పేర్లు చెప్పడం ఎంతసేపు! కానీ స్పెయిన్‌లో దక్షిణాన ఉన్న ఈ అందలూసియాలో చర్చిని చర్చిగా మాత్రమే చూసి వెళ్తే సగం కథ చూడనట్టే. ఇక్కడ ఊరు చేతులు మారినప్పుడల్లా ముందుగా చేతులు మారింది ప్రార్థన చేసుకునే చోటే. అందుకే ఎవరొచ్చినా నేను చెప్పేది ఒకటే: గుమ్మం దాటేముందు "ఇది ఇంతకుముందు ఎవరిది, ఇప్పుడు ఎవరిది?" అని అడగండి.

చరిత్ర క్లుప్తంగా ఇది. 711లో ఉత్తర ఆఫ్రికా నుంచి జలసంధి దాటి వచ్చిన ముస్లిం సేనలు కొద్ది ఏళ్ళలోనే స్పెయిన్‌లో చాలా భాగం గెలిచాయి. దాన్ని మళ్ళీ చేజిక్కించుకోవడానికి ఉత్తరాది క్రైస్తవ రాజులకు దాదాపు ఎనిమిది వందల ఏళ్ళు పట్టింది. కోర్దోబా 1236లో, సెవియా 1248లో కాస్తీయా రాజు మూడవ ఫెర్నాందో వశమయ్యాయి. గ్రనాదా 1492 దాకా లొంగలేదు. ఊరు దక్కగానే పెద్ద మసీదును శుద్ధి చేసి, బలిపీఠం పెట్టి, పూజ జరిపించేవారు. దాంతో అది చర్చి అయిపోయేది. కొత్తగా కట్టడం సంగతి తీరిక దొరికినప్పుడు చూసుకునేవారు.

సెవియాలో ఆ తీరిక దొరకడానికి నూట యాభై ఏళ్ళు పైనే పట్టింది. 1401లో మొదలైన కెథడ్రల్ 1506లో పూర్తయింది. మసీదును పడగొట్టినవాళ్ళు రెండింటి జోలికి మాత్రం పోలేదు. ఒకటి నారింజ చెట్ల ప్రాంగణం, రెండోది మినారు. 1198లో పూర్తయిన ఆ మినారే ఇవాళ్టి హిరాల్దా. అంటే మన చార్మినార్ కంటే దాదాపు నాలుగు వందల ఏళ్ళు పెద్దది. పైకెక్కడానికి మెట్లకు బదులు లోపల 35 వాలు దారులున్నాయి. గుర్రమెక్కి పోవచ్చు, అంత వెడల్పు. 1568 నాటికి వాస్తుశిల్పి ఎర్నాన్ రూయిస్ దాని మీద గంటల అంతస్తులు లేపాడు. కొసన గాలివాటుకు తిరిగే కంచు స్త్రీమూర్తి ఉంటుంది. నేల మీద నిలబడి తలెత్తి చూస్తే, ఇటుకల అల్లిక ఎక్కడ ఆగిందో, గంటల అంతస్తు ఎక్కడ మొదలైందో వేలితో చూపించొచ్చు.

కెథడ్రల్ దగ్గర జనాన్ని చూసి జంకేవాళ్ళు నాలుగడుగులు వేసి ఎల్ సాల్వదోర్ చర్చికి వెళ్ళండి. అక్కడ 9వ శతాబ్దంలో కట్టిన మసీదు ఉండేది. శిథిలమైన ఆ కట్టడాన్ని 1671లో పడగొట్టి చర్చి మొదలుపెట్టారు, 1712లో ముగించారు. లోపలి బంగారు పూతల కంటే నాకు పక్కనున్న ప్రాంగణం ఇష్టం. అక్కడి కమానుల కింద స్తంభాలు మరీ పొట్టిగా కనిపిస్తాయి. దగ్గరికెళ్తే చెక్కుడు పనితో ఉన్న స్తంభ శీర్షం మన ఛాతీ ఎత్తులోనే ఉంటుంది. స్తంభం పొట్టిది కాదు, దాని కిందిభాగమంతా భూమిలో ఉంది. వెయ్యేళ్ళకు పైగా ఊరి నేల అలా పైకి లేస్తూ వచ్చింది. మసీదు కట్టినవాళ్ళు కూడా కొత్త రాళ్ళు చెక్కించలేదు, అంతకుముందున్న రోమన్ కట్టడాల స్తంభాలే తెచ్చి నిలబెట్టుకున్నారు.

ఇంతకంటే పాత సాక్ష్యం కావాలంటే సెవియా నుంచి బస్సెక్కి కార్మోనాకు వెళ్ళాలి. అక్కడి సాంత మరీయా చర్చి కూడా మసీదు స్థలంలో లేచిందే, దానికీ నారింజ చెట్ల ప్రాంగణం ఉంది. ఆ ప్రాంగణంలోని ఒక స్తంభం మీద లాటిన్ అక్షరాల్లో పునీతుల పండుగల తేదీలు చెక్కి ఉన్నాయి. ముస్లింలు రాకముందు ఈ నేలను ఏలిన విసిగోతుల కాలం నాటి కేలండర్ అది. క్రైస్తవులు చెక్కిన రాయి మసీదు స్తంభమై, మళ్ళీ చర్చి స్తంభమైంది. "అసలు ఇది మాదే" అని వాదించాలనుకునే ఎవరికైనా ఈ ఒక్క స్తంభం చాలు, ఇబ్బంది పెట్టడానికి.

ఇక డబ్బు. మన దేశానికి దారి వెతుకుతూ బయల్దేరిన కొలంబస్ అమెరికా తీరం చేరాక, అక్కడి వెండీ బంగారం దిగే రేవు సెవియానే అయింది. కెథడ్రల్‌లో నలుగురు రాజభటులు భుజాల మీద మోస్తున్నట్టున్న శవపేటిక ఆయనదే. ఆ సంపదతోనే ఊరు చర్చిలతో, మఠాలతో నిండింది. 1649 ప్లేగులో సెవియా జనాభాలో దాదాపు సగం పోయింది. ఆ తర్వాతి తరం కట్టించిందే లా కారిదాద్ ఆసుపత్రి చర్చి. అమెరికా వర్తకంతో కలిసొచ్చిన ఇంట పుట్టిన మిగెల్ మన్యారా, భార్య పోయాక ఆ ఆసుపత్రి నడిపే ధర్మసంఘంలో చేరాడు. ఉరితీసినవాళ్ళ శవాలను, దిక్కులేని శవాలను పూడ్చడం ఆ సంఘం పని. తనంత పాపి లోకంలో లేడని, పదిమందీ తొక్కుతూ పోయేలా గుమ్మం దగ్గర పూడ్చిపెట్టమని మన్యారా కోరుకున్నాడు. లోపల వాల్దెస్ లెయాల్ గీసిన రెండు చిత్రాలున్నాయి. ఒకదాంట్లో అస్థిపంజరం దీపం ఆర్పేస్తుంటుంది, రెండోదాంట్లో పీఠాధిపతి శవం పట్టుబట్టల్లోనే పురుగులు పట్టి ఉంటుంది. ఎదురుగా మురీయో చిత్రాలు దయాధర్మాలను చూపిస్తాయి. వాటిలో నాలుగు అసలువి కావు, నకళ్ళు. 1810లో నెపోలియన్ సేనాని సూల్ట్ పట్టుకుపోయిన అసలు నాలుగూ ఇప్పుడు లండన్, వాషింగ్టన్, ఒట్టావా, సెయింట్ పీటర్స్‌బర్గ్ మ్యూజియంలలో ఉన్నాయి.

పరాయి సైన్యం తీసుకుపోయింది కొంతే. సొంత ప్రభుత్వం చేసిన పని అంతకంటే పెద్దది. 1836లో ప్రధాని మెందిసాబల్, అంతర్యుద్ధపు ఖర్చులకూ అప్పులకూ డబ్బు చాలక, మఠాల ఆస్తులను జప్తు చేసి వేలం వేయించాడు. పురుషుల మఠాలు దాదాపు అన్నీ మూతపడ్డాయి. సెవియా లలితకళల మ్యూజియం ఒకప్పుడు సన్యాసుల మఠమే. వేరే మఠాల నుంచి వచ్చిన మురీయో చిత్రాలను ఇప్పుడు ఆ మఠపు చర్చి గోపురం కింద చూస్తాం. ఊరి నడిబొడ్డున ఉన్న ప్లాసా నుఎవా కూడా ఫ్రాన్సిస్కన్ మఠాన్ని పడగొట్టగా మిగిలిన ఖాళీయే. దాని గుర్తుగా సాన్ ఒనోఫ్రే అనే చిన్న ప్రార్థనాలయం మాత్రం భవనాల మధ్య ఇరుక్కుని మిగిలింది. దాని ముందునుంచే ట్రాము నడుస్తుంది, దుకాణాలకు వెళ్ళే జనం దాన్ని గమనించకుండానే దాటిపోతారు. లోపల మాత్రం ఎవరో ఒకరు మోకరిల్లి ఉంటారు.

కన్యాస్త్రీల మఠాలు కొన్ని ఈ దెబ్బ కాచుకుని నిలిచాయి. మఠపు గడప దాటబోమని వ్రతం పట్టినవాళ్ళు వీళ్ళు. సాంత ఇనెస్ మఠాన్ని 14వ శతాబ్దంలో స్థాపించిన మరీయా కొరొనెల్ గురించి ఒక గాథ ఉంది. రాజు పేద్రో వెంటపడితే తప్పించుకోవడానికి మరిగే నూనె ముఖాన పోసుకుందట. పాడవకుండా ఉందని చెప్పే ఆమె దేహాన్ని ఏటా డిసెంబరు 2న జనానికి చూపిస్తారు. మిగతా రోజుల్లో అక్కడికి వెళ్ళేది తినుబండారాల కోసం.

కొనడం కూడా ఒక పద్ధతి. గోడలో ఇరుసు మీద తిరిగే చెక్క అర ఉంటుంది, దాన్ని తోర్నో అంటారు. గంట మోగిస్తే అవతలి నుంచి గొంతు వినిపిస్తుంది, మనిషి కనిపించదు. "ఆవే మరీయా పురీసిమా" అనే మరియమాత వందనంతో మాట మొదలవుతుంది. ఏం కావాలో చెప్పి, డబ్బు అరలో పెడితే అది తిరిగి లోపలికి పోతుంది. మళ్ళీ తిరిగినప్పుడు పెట్టె, చిల్లర ఉంటాయి. సాన్ లెయాంద్రో మఠం గుడ్డు పచ్చసొన, చక్కెరతో చేసే యెమాస్‌కు పేరు పొందింది. ద్రాక్షసారాయి తేర్చడానికి తెల్లసొన వాడుకున్న వర్తకులు మిగిలిన పచ్చసొనను మఠాలకు ఇచ్చేవారని, ఈ తీపి అలా పుట్టిందని చెబుతారు. సాంత పావులా మఠంలో చేదు నారింజల మార్మలేడు కొనుక్కోండి. కొనేముందు చర్చి ద్వారం మీది రంగు పలకలను చూడండి, 1504 నాటి ఆ పని ఇటలీ నుంచి వచ్చిన నికులోసో పిసానోది. ఈ మఠంలో కేరళ నుంచి వచ్చిన కన్యాస్త్రీలు ఉన్నారు. ఇక్కడి పిల్లలు మఠాల్లో చేరడం బాగా తగ్గిపోయాక, ఐదారు వందల ఏళ్ళ ఇలాంటి గోడలను ఇప్పుడు నిలబెడుతున్నది చాలాచోట్ల బయటి దేశాల నుంచి వచ్చిన ఆడవాళ్ళే.

హక్కు గొడవ ఇంకా ముగియలేదు. కోర్దోబాలో 8వ శతాబ్దపు మహా మసీదు మధ్యలో, 1523లో మొదలుపెట్టి కట్టిన కెథడ్రల్ ఉంది. ఆ మొత్తం కట్టడాన్ని 2006లో అక్కడి మేత్రాసనం కేవలం 30 యూరోల రుసుముతో తన పేరున రిజిస్టరు చేయించుకుంది. 1998లో మార్చిన చట్టం అందుకు వీలిచ్చింది, 2015లో ఆ వీలును తీసేశారు. ఈ మధ్యకాలంలో చర్చి తన పేరున రాయించుకున్న ఆస్తులు దేశమంతటా సుమారు 35 వేలని ప్రభుత్వమే 2021లో జాబితా బయటపెట్టింది. 1236 నుంచీ అనుభవంలో మాదేనని చర్చి అంటుంది, ఇది ప్రజలందరి సొత్తని పౌరసంఘాలు అంటాయి. అడంగల్‌లో పేరెక్కించుకున్నవాడిదా, తరతరాలుగా సాగుచేసినవాడిదా అన్న తగాదా తెలిసిన మనవాళ్ళకు ఇందులో విడమరచి చెప్పాల్సింది లేదు.

కోర్దోబాకు ఎలాగూ వెళ్తారు, వెళ్ళాలి కూడా. కానీ అక్కడ కొట్లాడటానికి రెండు పక్షాలూ ఉన్నాయి, చూడటానికి లక్షల మంది వస్తారు. నా పేరున రాయండని ఎవరూ పోటీపడనివి ఈ చిన్న మఠాలే. లోపల కన్యాస్త్రీలు తగ్గేకొద్దీ ఒక్కొక్కటీ తలుపులు మూసుకుంటోంది. రెండు రోజులే చేతిలో ఉంటే ముందు తోర్నో గంట మోగించండి, మధ్యాహ్నం విశ్రాంతి వేళ మాత్రం వదిలేసి.