జోడు అంటే చెప్పులా, కవచమా? సూర్యాపేట దారిలో ఒక తోలు కథ

ఇవాళ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. 'జోడు' అంటే ఏంటి? ఇంట్లో తాతనో నాయనమ్మనో అడగండి, 'చెప్పులు' అంటారు. పాత తెలుగు నిఘంటువు తీసి చూడండి, అందులో ఇంకో అర్థం కూడా ఉంటుంది: కవచం. కాలికి తొడిగేదీ జోడే, యుద్ధానికి పోయేటప్పుడు ఒంటికి తొడిగేదీ జోడే.

రెండింటికీ ఒకే రూల్ కూడా ఉంది. కొలత కుదరాలి. చెప్పు బిగుతైతే కాలు బొబ్బలెక్కుతుంది. కవచం బిగుతైతే ఊపిరి ఆడదు, చెయ్యి లేవదు. వదులైతే ఇంకా డేంజర్, చంక దగ్గర సందు ఏర్పడుతుంది, కత్తి మొన అక్కడే దిగుతుంది. కవచం అనగానే మనం 'ఎంత మందం?' అని అడుగుతాం. తొడుక్కునేవాడు మాత్రం ముందు 'నాకు పడుతుందా?' అని చూసుకుంటాడు.

ఇది కొత్త విషయమేం కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఆయుధాగారం గురించి ఒక అధ్యాయం ఉంది. అందులో ఇనుప కవచాలతో పాటు ఖడ్గమృగం, ఏనుగు, ఎద్దు లాంటి జంతువుల తోలు, గిట్టలు, కొమ్ములతో చేసే కవచాల మాట కూడా వస్తుంది. ఇంకో విషయం చూడండి. కవచాల పేర్లు శరీరాన్ని బట్టి ఉన్నాయి. తలకు శిరస్త్రాణం, మెడకు కంఠత్రాణం, మొండేనికి కూర్పాసం, ఇంకా పొడవుగా ఉండేది కంచుకం. అంటే ఒంటిని ముక్కలుగా చూసి, ఏ భాగానికి ఆ భాగం విడిగా కొలిచి చేయాలన్న ఆలోచన అప్పటికే ఉంది.

ఇప్పుడు 13వ శతాబ్దానికి వద్దాం. 1245లో కార్పినీ అనే ఇటలీ సన్యాసి మంగోలుల దగ్గరికి బయల్దేరాడు. వాళ్ళ తోలు కవచం ఎలా చేస్తారో రాసిపెట్టాడు. ఎద్దు తోలును చేతి వెడల్పు పట్టీలుగా కోసి, మూడు నాలుగు పట్టీలు ఒకదానిమీద ఒకటి అతికించి, తోలు తాళ్ళతో కలిపి కట్టేవాళ్ళట. ముందు భాగం తొడ నుంచి మెడ దాకా ఒకటి, వెనక భాగం ఇంకొకటి, చేతులకు వేరే. ముందు భాగాన్ని మనిషి ఒంటి ఆకారానికి తగ్గట్టే, ఛాతీ దగ్గర సన్నగా, చంకల కింది నుంచి ఒళ్ళు చుట్టి వచ్చేలా చేస్తారని ప్రత్యేకంగా చెప్పాడు. చూశారా, ఆయన కన్ను కూడా కొలత మీదే పడింది.

అదే సమయంలో ఇక్కడ గణపతిదేవుడు ఓరుగల్లును ఏలుతున్నాడు. సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రి గుళ్ళు చూశారా? కాకతీయుల కింద ఉన్న రేచర్ల రెడ్లు కట్టించినవి. సూర్యాపేట నుంచి హైదరాబాద్ వైపు పోతే నకిరేకల్ వస్తుంది, ఆ మండలంలోనే చందుపట్ల. అక్కడి శాసనం తేదీ 1289 నవంబర్ 27. రాణి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు చనిపోయాక, వాళ్ళ పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే అతను గుడికి భూమి దానం చేశాడని అందులో ఉంది. రాణి, సేనాని, దానం చేసినవాడు, ముగ్గురి పేర్లూ రాయిమీద నిలిచాయి. ఆ సైన్యానికి తోలు కోసినవాళ్ళ పేర్లు మాత్రం ఏ రాయి మీదా లేవు. తోలూ మన వానలకు, చెదలకు నిలవదు.

సరే, అసలు పని ఎలా ఉంటుందో చూద్దాం. మీరు నాటకానికో షార్ట్ ఫిల్మ్‌కో తోలు ఛాతీ కవచం చేయాలనుకోండి. మొదటి తప్పు ఏం చేస్తారు? టేపు పెట్టి ఛాతీ చుట్టుకొలత, నడుం చుట్టుకొలత తీసి, నేరుగా తోలు కోసేస్తారు. అట్లా కుదరదు. ఒళ్ళు డబ్బా కాదు కదా!

ముందు పాత బనియన్ తొడిగి, దాని మీద కాగితం టేపు గట్టిగా చుట్టాలి. ఊపిరి నిండా పీల్చి ఉన్నప్పుడే చుట్టాలి, లేకపోతే తర్వాత ఉక్కిరిబిక్కిరే. దాని మీద నడిమి గీత, భుజం గీత, పక్క గీతలు గీయాలి. పక్కల వెంట కత్తిరించి, తీసి నేల మీద పరవాలి. ఎక్కడ పరుచుకోకుండా పైకి లేస్తుందో అక్కడ కోత పెట్టాలి. అదే మీ నమూనా. లోపల మెత్త వేసుకుంటారు కాబట్టి దాని మందానికి తగ్గట్టు చుట్టూ కొంత వదలాలి.

ఆ నమూనాను అట్ట మీదికి ఎక్కించి, అట్టతోనే ఒక కవచం చేసి తొడగాలి. చేతులు పైకెత్తాలి, కూర్చోవాలి, వంగాలి. గొంతుకు గుచ్చుకుంటే మెడ దగ్గర తగ్గించాలి. కూర్చుంటే కవచం పైకి తన్నుకొస్తుందా? అయితే కింద నడుం మడత దగ్గరే ఆపాలి. అట్ట పాడైతే పది రూపాయలు, తోలు పాడైతే వేలల్లో పోతుంది.

తోలు కూడా అంతా ఒకటి కాదు. వీపు భాగం మందంగా, గట్టిగా ఉంటుంది. పొట్ట భాగం సాగుతుంది. ఛాతీ ముక్క వీపు తోలులోంచే కోయాలి. చెట్టు బెరడుతో పదును చేసిన తోలును తడిపి ఒంటి ఆకారానికి వంచి ఆరబెడితే ఆ వంపు నిలుస్తుంది. వేడి తగిలిస్తే ఇంకా గట్టిపడుతుంది, కానీ కుంచించుకుపోతుంది కూడా. ఆ లెక్క ముందే వేసుకోవాలి.

ఇప్పుడు అసలు మాట. ఈ లెక్కలన్నీ మన ఊళ్ళలో ఎవరికి తెలుసు? మాదిగలకు. సున్నంతో వెంట్రుకలు తీసి, లందలో తంగేడు చెక్కతో తోలు పదును చేసి, రంపెతో కోసి, ఆరెతో కుట్టినవాళ్ళు వాళ్ళే. చెప్పు కోయడానికి కాలు చుట్టూ గీత గీసినా, మోట బొక్కెనకు తోలు తొండం నీళ్ళు కారకుండా కుట్టినా, అదంతా నమూనా పనే. పుస్తకం లేదు, టేపు లేదు, కన్నూ చెయ్యే కొలత.

దానికి దొరికిందేంటి? నిజాం కాలంలో సూర్యాపేట, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ తాలూకాల్లో దొరల రాజ్యం. కోదాడ అప్పుడు హుజూర్‌నగర్ వైపే. దొరకు చెప్పులు, వ్యవసాయానికి తోలు సామాను మాదిగలు వెట్టిగా, పైసా లేకుండా ఇవ్వాల్సి వచ్చేదని పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటం పుస్తకంలో రాశారు. పైగా అంటరానితనం. కొలత తీయాలంటే మనిషిని తాకాలి కదా? వాళ్ళు కుట్టిన చెప్పు తొడుక్కోవచ్చు, వాళ్ళ చెయ్యి మాత్రం తగలొద్దు! ఇంతకంటే పెద్ద అబద్ధం ఇంకేముంటుంది? 1946 నుంచి 1951 దాకా ఈ ప్రాంతం పోరాడింది భూమి కోసం ఒక్కటే కాదు, ఈ వెట్టి పోవాలని కూడా.

వెట్టి పోయింది, తర్వాత పనీ పోయింది. 1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వచ్చాయి, కరెంటు మోటార్లు వచ్చాయి, మోట మూలకు చేరింది. రబ్బరు, ప్లాస్టిక్ చెప్పులు సంతకొచ్చాయి. వెట్టి పోయినందుకు ఎవరికీ బాధ లేదు, ఉండకూడదు కూడా. కానీ దానితో పాటు ఆ కొలత విద్య కూడా పోవాల్సిన అవసరం లేదు కదా.

బతుకమ్మలో మనం పేర్చే తంగేడు ఇప్పుడు మన రాష్ట్ర పుష్పం. దాని పువ్వు అందరికీ తెలుసు. దాని చెక్కతో తోలు చేసిన చేతుల గురించి ఎంతమందికి తెలుసు? మీ ఊళ్ళో చెప్పులు కుట్టిన పెద్దమనిషి ఇంకా ఉంటే ఈ ఆదివారం వెళ్ళి కూర్చోండి. 'తాతా, కాలు కొలత ఎట్ల తీస్తుంటివి?' అని అడగండి. ఆయన ఒప్పుకుంటే ఫోన్లో రికార్డ్ చేయండి. చందుపట్లలో రాయి చేసిన పని, ఇక్కడ మీ ఫోన్ చేయొచ్చు.