మూసారాంబాగ్‌లో రాముడెవరు?

హైదరాబాద్ మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ పక్క స్టేషన్ మూసారాంబాగ్. పేరు వింటే మూసీ నదో, ఏదో రామాలయమో అనుకుంటాం. రెండూ కావు, ఇది ఒక ఫ్రెంచి దొర పేరు. మిషెల్ రేమండ్ రెండో నిజాం అలీఖాన్ కొలువులో పటాలాలు నడిపాడు, ఫిరంగులు పోత పోయించాడు. గన్‌ఫౌండ్రీ అన్న పేటకు పేరిచ్చింది ఆ కార్ఖానాయే. ‘మొస్యు రేమండ్’ మన నాలుకకు ఎక్కే పలుకా? ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రామ్ చేసుకున్నారు. రహీం జారిపోయాడు, రాముడు మాత్రం బస్సు బోర్డెక్కాడు! 1798లో రేమండ్ పోయాడు. సమాధి దగ్గర్లోని గుట్టమీదే ఉంది. అదే ఏడాది ఇంగ్లీషువాళ్లు ఆయన పటాలాల చేత ఆయుధాలు కింద పెట్టించి, వాటిని రద్దు చేయించారు.