తెల్లకణాలు తగ్గితే జ్వరమే ప్రమాద ఘంటిక
రక్త క్యాన్సర్ రోగుల్లో చీము, వాపు లేకుండానే ముదిరే సెప్సిస్

చోడవరం: రక్త క్యాన్సర్‌కు కీమోథెరపీ పొంది ఇంటికి చేరిన వారికి వారం, పది రోజుల తర్వాత వచ్చే జ్వరాన్ని మామూలు జ్వరంగా భావించడం ప్రాణాంతకం. చీము పట్టదు, వాపు కనిపించదు. లోపల కణజాలం మాత్రం దెబ్బతింటూనే ఉంటుంది.

సూక్ష్మజీవులను ఎదుర్కొనే ప్రధాన సైన్యం న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు. ఆరోగ్యవంతుల్లో ఇవి సాధారణంగా మైక్రోలీటరుకు 1,500కు పైగా ఉంటాయి. 500 కంటే తగ్గితే ముప్పు తీవ్రం, 100 లోపు పడిపోతే మరీ తీవ్రం. అదే మందు నోటి, పేగుల లోపలి పొరనూ పుండు చేయడంతో పేగుల్లో నిత్యం ఉండే బాక్టీరియాయే రక్తంలోకి ప్రవేశిస్తుంది. వ్యాధి బయటి నుంచే సోకనక్కర్లేదన్న మాట.

తెల్లకణాలే లేనప్పుడు కణజాలాన్ని దెబ్బతీసేదెవరన్న సందేహం సహజం. బాక్టీరియా విషపదార్థాలకు రక్తనాళాల లోపలి పొర, కణజాలంలో మిగిలి ఉన్న మాక్రోఫేజ్ కణాలు స్పందించి రసాయనాలను వెదజల్లుతాయి. నాళాలు వ్యాకోచించి రక్తపోటు పడిపోతుంది. వాటి గోడల నుంచి ద్రవం కారి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. సన్నని నాళాల్లో రక్తం గడ్డకట్టి మూత్రపిండాలకు, కాలేయానికి ప్రాణవాయువు సరిగా అందదు. అందిన కాస్తనూ కణాలు సక్రమంగా వాడుకోలేవు. ప్లేట్‌లెట్లు ముందే తక్కువ కావడంతో ఒకచోట గడ్డలు, మరోచోట రక్తస్రావం ఏకకాలంలో సంభవించవచ్చు. సూడోమోనాస్ అనే బాక్టీరియా చర్మపు నాళాల్లో చేరితే ఆ భాగం నల్లబడి చచ్చుబడుతుంది. విచిత్రమేమిటంటే, తెల్లకణాలు తిరిగి పెరిగే రోజుల్లో అవి ఊపిరితిత్తుల్లోకి వెల్లువెత్తి శ్వాస మరింత కష్టమయ్యే సందర్భాలూ ఉన్నాయి. గండం గడిచిందని బంధువులు తెరిపిన పడే దశలోనే ఇది ఎదురవుతుంది.

భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపొందించిన అమినోప్టెరిన్‌తో పిల్లల ల్యుకేమియా తాత్కాలికంగా అదుపులోకి వచ్చినట్లు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. అదే ప్రయోగశాల నుంచి అదే ఏడాది ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా వెలువడింది. ఈ రోగులకు నేటికీ రెండు తరహా మందులూ కావలసిందే.

గంటలోపే మందు
ఒక్కసారి 101 డిగ్రీలు నమోదైనా, 100.4 డిగ్రీలు గంటపాటు నిలిచినా అత్యవసరంగా పరిగణించాలి. ఆసుపత్రికి చేరిన గంటలోపే తొలి యాంటీబయాటిక్ నరం ద్వారా ఎక్కించాలన్నది వైద్య ప్రమాణం. 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరం పరిసర గ్రామాల వారికి విశాఖ కేజీహెచ్‌కైనా, అగనంపూడిలోని హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రికైనా ప్రయాణానికే ఎక్కువ సమయం పడుతుంది. కాబట్టి రాత్రివేళ జ్వరం వస్తే ముందుగా ఎక్కడికి వెళ్లాలో చికిత్స చేసే వైద్యుని ముందే అడిగి, కీమో తేదీలున్న కాగితాలను వెంట ఉంచుకోవాలి. జ్వరం చూడకుండా పారాసిటమాల్ వేస్తే అసలు సంగతి మరుగున పడుతుంది. ప్లేట్‌లెట్లు తగ్గిన వారికి ఊళ్లో కండకు ఇంజక్షన్ చేయిస్తే లోపల రక్తం గూడుకట్టే ప్రమాదముంది. కొందరిలో జ్వరం లేకుండానే ఒళ్లు చల్లబడటం, ఆయాసం, మూత్రం తగ్గడం, మాట తడబడటం కనిపిస్తాయి. అవీ సెప్సిస్ లక్షణాలే.