పాఠ్యపథకం – తరగతి స్వభావం: ఆర్మూరు ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపాధ్యాయ శిక్షణలో పాఠ్యపథక రచనకు సుదీర్ఘ చరిత్ర ఉంది. జర్మన్ తత్త్వవేత్త హెర్బార్ట్ (1776–1841) బోధనా భావనలను ఆయన అనుయాయులు సన్నాహం, సమర్పణ, సంసర్గం, సాధారణీకరణం, అనువర్తనం అనే ఐదు సోపానాలుగా స్థిరపరిచారు. పేర్లు మారినా ఆ క్రమపు ఛాయలు మన పాఠ్యపథకాలలో నేటికీ కనిపిస్తాయి. తెలుగు బోధనలో ‘ఉన్ముఖీకరణం’గా వ్యవహరించే తొలి అంశానికి విద్యార్థి పూర్వజ్ఞానమే ఆధారం. తరగతి అంతటికీ ఒకే పూర్వజ్ఞానం ఉంటుందన్న భావనను ఆర్మూరు ప్రాంతంలో ప్రశ్నించుకోవలసి ఉంటుంది.

నిజామాబాదు జిల్లా హైదరాబాదు సంస్థానంలో భాగం. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనా మాధ్యమం ఉర్దూ. తెలుగు ఇంట మాట్లాడే విద్యార్థి ఉన్నత విద్యను మరో భాషలో అందుకోవలసి వచ్చింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రారంభమై, 1937లో నిజామాబాదులోనూ సమావేశమైన ఆంధ్ర మహాసభకు మాతృభాషా విద్య ముఖ్యమైన ఆకాంక్ష. సంస్థాన విలీనానంతరం తెలుగు మాధ్యమం విస్తరించింది. 2022–23లో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశించింది. దానికి తోడుగా ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. మాధ్యమం మారిన ప్రతిసారీ ఇంటి భాషకూ బడి భాషకూ నడుమ వారధి కట్టే బాధ్యత ఉపాధ్యాయునిపైనే పడింది.

ఛాత్రోపాధ్యాయుడు పసుపు పంట ప్రస్తావనతో పాఠం ఆరంభించాడనుకుందాం. రైతుబిడ్డకు తవ్వకం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం క్రమంగా తెలుసు. వ్యాపారి ఇంటి పిల్లవాడికి కొమ్ము, గోళ ధరల తేడా తెలుసు. ఉర్దూ మాట్లాడే ఇంటి బాలికకు అది ‘హల్దీ’. ప్రశ్న ఒకటే, దాని నుంచి పాఠంలోకి సాగే దారులు మూడు. రైతుబిడ్డ చెప్పిన క్రమాన్ని నల్లబల్లపై రాసి, ‘హల్దీ’ని పర్యాయపదంగా దాని పక్కన చేర్చితే ముగ్గురి జ్ఞానమూ పాఠంలో భాగమవుతుంది. ఇది ముందే రాసుకున్న పథకంలో ఇమిడే పని కాదు.

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలు బి.ఎడ్. శిక్షణలో పాఠశాల అనుభవానికి కనీసం 20 వారాలు కేటాయించాయి. ఒకే పాఠాన్ని రెండు తరగతుల్లో బోధించి మార్పులు నమోదు చేయడానికి ఈ వ్యవధి అవకాశమిస్తుంది. పర్యవేక్షకుడు పథకం నుంచి తప్పుకోవడాన్ని లోపంగా లెక్కిస్తే ఛాత్రోపాధ్యాయుడు కాగితానికే కట్టుబడతాడు. అందుచేత మూల్యాంకనంలో పథక రచనతో పాటు సహేతుకమైన సవరణకూ మార్కులు కేటాయించడం అవసరం. బహుభాషా తరగతుల చరిత్ర గల ఈ ప్రాంతంలో సవరణ సామర్థ్యమే బోధనా నైపుణ్యానికి సరైన కొలమానం.