ఎలుక మేతలో పదో వంతు

కమలాపండు తొక్కని వంచితే చివ్వున చిమ్మే నూనెలో తొంభై శాతానికి పైగా లిమొనీన్ అనే పదార్థమే. దీనికి క్యాన్సర్ పరిశోధనలో నలభై ఏళ్ళ చరిత్ర ఉంది. వాట్సాప్ ఫార్వర్డులు మాత్రం అందులో మొదటి పేజీ దగ్గరే ఆగిపోతాయి.

1980లలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ గౌల్డ్ బృందం, రసాయనంతో రొమ్ము క్యాన్సర్ తెప్పించిన ఎలుకలకి లిమొనీన్ కలిపిన మేత పెట్టింది. 1992లో వాళ్ళు ప్రచురించిన పత్రం ప్రకారం చాలా కణుతులు కరిగిపోయాయి. అయితే ఆ మేతలో పదో వంతు లిమొనీనే! మన కంచంలో పది ముద్దలకి ఒక ముద్ద తొక్కనూనె అనుకోండి.

అంత తినలేం కదా. అందుకని అదే కుటుంబానికి చెందిన పెరిల్లైల్ ఆల్కహాల్‌ని పట్టుకున్నారు. ఎలుకల్లో అది ఐదు రెట్లకు పైగా బలంగా పనిచేసింది. మనుషులకి వచ్చేసరికి వికారం, త్రేన్పులు, నీరసం. ముదిరిన రొమ్ము క్యాన్సర్ మీద జరిపిన రెండో దశ పరీక్షలో ఒక్కరికీ కణితి తగ్గలేదు.

లిమొనీన్‌నీ వదల్లేదు. 1998లో వచ్చిన బ్రిటిష్ పత్రంలో 32 మంది రోగులున్నారు. వాళ్ళలో రొమ్ము క్యాన్సర్ ఉన్న ఒకావిడకి కణితి కొంత తగ్గి, 11 నెలలు అలాగే ఉంది. ఆ 11 నెలలు అబద్ధం కావు. అలాగని దాన్ని చికిత్స అనీ అనలేం. 2013లో ఇంకో అధ్యయనం: 43 మంది స్త్రీలకి ఆపరేషన్‌కి ముందు రోజుకి 2 గ్రాములు ఇచ్చారు. లిమొనీన్ రొమ్ము కణజాలందాకా చేరింది, సైక్లిన్ డి1 అనే ప్రోటీన్ 22 శాతం తగ్గింది. కణవిభజన వేగాన్ని చూపే సూచిక మాత్రం పెద్దగా మారలేదు.

మా సాఫ్ట్‌వేర్‌ వాళ్ళ ఊతపదం ఒకటుంది: "నా మెషీన్‌లో పనిచేస్తోంది." గాజు గిన్నెలో కణాలు చచ్చాయన్న వార్త కూడా అలాంటిదే. మింగిన నూనె పేగుల్నీ కాలేయాన్నీ దాటాలి, కణితిలోకి చాలినంత చేరాలి, మిగతా ఒంటిని వదిలెయ్యాలి.

మా బంధువుల్లో ఒకావిడ మూడో కీమో మానేసి నిమ్మగడ్డి నూనె చుక్కలు మొదలుపెట్టింది. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళేసరికి నాలుగు నెలలు గడిచాయి, కణితి పెరిగింది.

మొక్కల్లో మందు లేదని కాదు. మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టీన్‌ని ఇవాళ్టికీ పిల్లల రక్త క్యాన్సర్‌కి వాడుతున్నారు. ఆకు నమిలి కాదు. వేరుచేసి, మోతాదు తేల్చి, నరంలోకి ఎక్కించి. ఈసారి ఫార్వర్డు వస్తే రెండు ప్రశ్నలు అడగండి: కణాలు చచ్చింది గిన్నెలోనా, ఎలుకలోనా, మనిషిలోనా? ఎంత మోతాదుకి?