పాత రూపాయి చెప్పు సాక్ష్యము

దేవతార్చన పెట్టెలోనో, పెద్దల నాటి భోషాణములోనో ఒకటి రెండు విక్టోరియా రూపాయలు దాచుకొన్న కుటుంబములు మనలో నింకను గలవు. పండుగనాడు వానిని వెలికి దీసి చింతపండుతోను విభూతితోను తోమి తళతళలాడించుట యాచారము. నల్లబడిన నాణెము మైలపడినదనియు, మొగముమీద గీత గల నాణెము చెడినదనియు మనవారి తలంపు. ఈ తలంపులు రెండును విచారమునకు నిలువవు. ఆ నలుపును ఆ గీతయు నాణెముయొక్క చరిత్రమునకు మనకు మిగిలిన సాక్ష్యములు. సాక్షిని చేజేతుల చెఱపివైచి, పిమ్మట చరిత్రము తెలియదని విచారించుట వివేకుల పని కాదు.

ముందుగా ఆ రూపాయి యెట్టిదో తెలిసికొందము. 1835వ సంవత్సరమున తూర్పు ఇండియా కంపెనీవారు శాసనము చేసి తమ యేలుబడి యంతటికిని ఒక్క తీరు రూపాయి నేర్పఱచిరి. దాని తూకము 180 గ్రెయినులు, అనగా సరిగా నొక తులము. పండ్రెండు పాళ్ళలో పదునొకండు పాళ్ళు వెండి. తక్కిన పాలు గట్టిదనమునకై కలిపిన లోహము. 1862లో విక్టోరియా రాణి కిరీటము ధరించిన బొమ్మతో క్రొత్త రూపాయి వెలువడినది. ఇందొక చిక్కు గలదు. 1862 అను సంవత్సరాంకమును మార్పకయే 1874 వఱకు రూపాయల నచ్చొత్తుచు వచ్చిరి. కాబట్టి అంకెను మాత్రమే చదువువానికి ఈ నాణెము నిజమైన వయస్సు చెప్పదు.

ఇక నలుపు సంగతి. గాలిలో మిక్కిలి స్వల్పముగ నుండు గంధక వాయువులు వెండితో గలియుటచే నాణెముపై నొక పలుచని పొర యేర్పడును. పొర సన్నముగ నున్నపుడు లేత పసుపుగను, ముదురుకొలది ఎఱుపుగను, ఊదాగను, నీలముగను, తుదకు నలుపుగను కన్పట్టును. నీటిమీద నూనెబొట్టు రంగులీనుట యెల్లరు నెఱిగినదే. అచ్చటివలెనే యిచ్చటను పొర పైముఖమునుండియు అడుగుముఖమునుండియు మరలివచ్చు వెలుతురు కలిసికొని ఈ రంగులను పుట్టించుచున్నది. బొగ్గుపొగయు, ఉన్నిబట్టయు, కొన్ని తరగతుల అట్టకాగితములును దీనిని త్వరపఱచును.

ఆ పొరలో వెండియు భాగమే కనుక, తోముటయన వెండినే గీకివైచుట. అంతకన్న పెద్ద నష్ట మింకొకటి కలదు. టంకశాలలో ఒత్తిడికి లోహము నడుమనుండి అంచునకు ప్రాకుటచే నాణెము ముఖమున కంటి కందని సన్నని రేఖ లేర్పడును. అరుగని నాణెమును త్రిప్పినపుడు వెలుగు చక్రమువలె తిరుగుట వాని మహిమయే. బూడిదతో తోమినచో ఆ రేఖలు పోయి, వాని స్థానమున తోముడు గీతలు నిలుచును. మెఱుగు వచ్చును గాని మొదటి కళ మరల రాదు.

అట్లని రంగు గల నాణెమెల్ల మంచిదని నమ్మరాదు. గంధకపు ఆవిరి పట్టి ఒక్క పూటలో రంగు తెప్పించి హెచ్చువెలకు విక్రయించువారును గలరు. కాలము తెచ్చిన రంగు అక్షరముల మూలలయందు ముదిరి, చేతులు తగులు చెక్కిలిపై పలుచనై, ఒక వన్నెనుండి మఱియొక వన్నెకు మెల్లగా మాఱుచుండును. ఎక్కించిన రంగు తఱచుగ ఎత్తుపల్లములను పాటింపక మచ్చలు మచ్చలుగా పరచుకొనును. రంగు క్రింద తోముడు గీతలు కనబడినచో, అది కాలము తెచ్చినదైనను మనుష్యుడు తెచ్చినదైనను, తోమిన పిదప వచ్చినదే యని తెలియవలెను.

గీత కథ వేఱు. రెండు ఉక్కు అచ్చుల నడుమ వెండిబిళ్ళ నుంచి యంత్రబలముతో నొత్తుటచే నాణెము పుట్టును. ఒక్కొక్క అచ్చు వేలకొలది దెబ్బలకు ఓర్చుకొనవలెను. ఉక్కును కాచి చల్లార్చి గట్టిపఱచునపుడు మితిమీరి పెళుసైనను, దెబ్బల కలసిపోయినను, అచ్చునకు బీట పడును. ఆ బీటలోనికి వెండి చొచ్చుకొని నాణెముపై ఉబ్బెత్తు గీతయై నిలుచును. వెలుతురు ఏటవాలుగా పడునట్లు పట్టుకొని భూతద్దముతో చూడుడు. గీత పల్లముగ నున్నచో అది తరువాత తగిలిన గీటు, ఉబ్బియున్నచో అచ్చుబీట, బిళ్ళయే చీలియున్నచో లోహపు పగులు. ఈ మూటిని కలిపి తలచుటవలననే మంచి నాణెములు చెడినవను పేరు మోయుచున్నవి.

అచ్చుబీట సాధారణముగ పెరుగునే గాని తరుగదు. ఒక రూపాయిలో అంచునుండి ఒక యక్షరము వఱకే ప్రాకిన బీట, అదే యచ్చున పుట్టిన వేఱొకదానిలో మూడక్షరములు దాటినచో, రెండవది తరువాతి దనుట స్పష్టము. సంవత్సరాంకము దాచినదానిని బీట కొంత బయటపెట్టును. చిన్న బీటలు అరుదైనవి కావు గనుక వానిని వింతగా వర్ణించి వెల పెంచు వర్తకుని మాట నమ్మవలదు. ఇంకొక సంగతి. రెండు రూపాయల కొకే బీట యుండుట సహజము; అవి యొకే అచ్చున పుట్టినవి. కాని చేతులు మాఱునపుడు తగిలిన నొక్కులును గీట్లును రెండింటను ఒకే చోట ఒకే తీరున నున్నచో అనుమానింపవలెను. ఒకదానినుండి పోతపోసిన దొంగనాణెములకు అట్టి పోలిక కలుగును.

నాణెముపై మిగిలిన జాడలు రాజ్యముల చరిత్రమునే తేల్చిన సందర్భము గలదు. 1906లో నాసిక మండలమునందలి జోగల్తెంబి గ్రామమున 13,000లకు మించి వెండి నాణెములు దొరకినవి. అవి క్షహరాత వంశపు నహపానునివి. వానిలో మూడింట రెండు వంతులకు మించినవానిపై గౌతమీపుత్ర శాతకర్ణి చైత్యమును, ఉజ్జయినీ చిహ్నమును మరల ఒత్తించెను. పాత బొమ్మ పూర్తిగ చెఱుగలేదు. క్రొత్త గుర్తుల నడుమ నహపానుని మొగమును అక్షరములును అక్కడక్కడ కన్పట్టుచున్నవి. శాతవాహనుడు క్షహరాతులను రూపుమాపెనని నాసిక గుహాశాసనము చెప్పు మాటకు ఇది చేతికందిన రుజువు. ఆ నాణెముల నెవ్వరైన నునుపు తేలునట్లు అరగదీసియున్నచో మన కా రుజువు దక్కి యుండెడిదా?

విక్టోరియా రూపాయలు కోట్లుగా నచ్చొత్తబడినవి, కొన్ని తోమిన నేమని యడుగవచ్చును. 1940లో రూపాయియందలి వెండి సగమునకు దిగినది. 1941లో విక్టోరియా రూపాయలు చెల్లుబడినుండి తొలగింపబడినవి. 1947లో నికెలు రూపాయి వచ్చినది. తొలగినవానిలో పెక్కులు మూసలలో కరగిపోయినవి. హారములకై కొక్కెము లతికించుటచే మఱికొన్ని చెడినవి. ఇన్నింటిని తప్పించుకొని మొదటి ముఖముతో మిగిలినవి మన పెట్టెలలోని కొలదియే.

కాబట్టి గృహిణులకును గృహస్థులకును మనవి. పాత వెండి నాణెమును అంచులు పట్టి యెత్తుడు. దుమ్ము పట్టినచో మంచినీట ముంచి, రుద్దక అద్ది ఆరబెట్టుడు. పూజకు మెఱయు వెండియే కావలసినచో క్రొత్త బిళ్ళను కొనుట మేలు. కంసాలికి తూకమున కిచ్చుటకు ముందు భూతద్దము పట్టి నలుపును గీతను ఒకమాఱు చూడుడు, పిల్లలకును చూపుడు. వెండి వెల యే నాడైనను చెల్లును. చెఱిగిన గుర్తును ఏ వెల యిచ్చియు తిరిగి తేలేము.