మాటల మీద వేలంపాట

గూగుల్‌లో "పట్టుచీరలు" అని కొట్టి చూడండి. ఫలితాల పైన సాధారణంగా రెండు మూడు దుకాణాల ప్రకటనలు కనిపిస్తాయి. మీరు ఎంటర్ నొక్కడానికీ, ఆ ప్రకటనలు తెరమీదికి రావడానికీ మధ్య రెప్పపాటు కాలంలో ఒక వేలంపాట జరిగిపోయింది. ఆ మాటకు ఎంతవరకు ఇవ్వగలరో దుకాణదారులు ముందే చెప్పి పెట్టారు, కంప్యూటరు వాళ్ల తరఫున పాట పాడింది. మీరు నొక్కితేనే గెలిచినవాడి ఖాతాలోంచి డబ్బు కదులుతుంది. నొక్కకపోతే పైసా ఖర్చు లేదు.

ఆన్‌లైన్ మార్కెటింగ్ నేర్చుకునేవాళ్లకు మొదటి పాఠంలోనే కీవర్డ్, బిడ్, క్లిక్, క్వాలిటీ స్కోర్ అనే మాటలు ఎదురవుతాయి. చాలామంది వాటిని సూత్రాల్లా బట్టీ పడతారు. ఇవి ఒక్కొక్కటీ ఒక్కో చిక్కును విప్పబోయి పుట్టాయి. ఆ కథ తెలిస్తే బట్టీ పట్టే పని ఉండదు.

చూపిస్తే చాలు, డబ్బు

1994 అక్టోబరు 27న అమెరికాలో హాట్‌వైర్డ్ అనే వెబ్ పత్రిక మొదలైంది. పేజీ పైభాగంలో 468 పిక్సెళ్ల వెడల్పు, 60 పిక్సెళ్ల ఎత్తున్న పట్టీలు పెట్టి అమ్మింది. వాటిలో టెలిఫోన్ సంస్థ ఏటీ అండ్ టీ ఇచ్చిన ప్రకటన బ్యానర్ యాడ్‌కు ఆదిగా పేరుపడింది. చూసినవాళ్లలో నూటికి 44 మంది దాన్ని నొక్కారని చెబుతారు. అదంతా కొత్త మోజు. జనం అలవాటు పడ్డాక నూటికి ఒక్కరు నొక్కడమే గగనమైంది.

లెక్క మాత్రం పాత పత్రికల లెక్కే. వెయ్యిసార్లు చూపిస్తే ఇంత అని రేటు. చూసినవాడు పట్టించుకున్నాడా లేదా అన్నది అమ్మినవాడికి అనవసరం. 1996లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ యాహూ దగ్గర పట్టుబట్టి, నొక్కినవాళ్ల లెక్కకే డబ్బిస్తామని ఒప్పందం రాయించుకుంది. అంత పెద్ద సంస్థ కాబట్టి మాట నెగ్గింది. చిన్న వ్యాపారికి ఆ ఊసే లేదు.

మరోవైపు సెర్చ్ ఇంజన్లను వేరే చీడ తినేస్తోంది. పేజీలో ఒక మాట ఎన్నిసార్లు వస్తే అంత పైన చూపించడం అప్పటి పద్ధతి. దాంతో కొందరు తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలతో ఒకే మాటను వందలసార్లు రాసిపెట్టారు. మనిషి కంటికి కనబడదు, యంత్రానికి కనబడుతుంది. కారు కోసం వెతికినవాడు ఏదో బూతు సైటులో తేలేవాడు.

బిల్ గ్రాస్ లెక్క

కాలిఫోర్నియాలోని పాసడీనాలో బిల్ గ్రాస్ 1996లో ఐడియాలాబ్ అనే సంస్థ పెట్టాడు. కొత్త ఆలోచనలను కంపెనీలుగా మలచడమే దాని పని. ఈ చెత్త ఎందుకు పేరుకుంటోందని ఆలోచిస్తే ఆయనకు ఒకటే కారణం తోచింది: ఫలితాల్లో చోటు ఉచితం. ప్రతి క్లిక్‌కూ జేబులోంచి డబ్బు పెట్టాల్సివస్తే, సంబంధం లేని మాట కింద నిలబడి నష్టపోవడానికి ఎవడు వస్తాడు? అమెరికాలో ఇంటింటికీ చేరే యెల్లో పేజెస్‌లో ఎక్కువ డబ్బు కట్టినవాడి ప్రకటన పెద్దగా పడేది. వెతికేవాళ్లు తప్పుపట్టలేదు సరికదా, అంత ఖర్చు పెట్టాడంటే ఆ పనిలో నిలదొక్కుకున్నవాడే అయి ఉంటాడని అనుకునేవారు.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. వెతికే మనిషి తనకేం కావాలో తానే టైపు చేసి చెబుతున్నాడు. రోడ్డుపక్క హోర్డింగు చూసే వెయ్యిమందిలో ఇల్లు కొనేవాడు ఎవరో తెలియదు. "ఇంటి రుణం" అని కొట్టినవాడు తన అవసరం విప్పి చెప్పేశాడు. అలాంటప్పుడు అన్ని మాటలకూ ఒకటే రేటు ఎందుకుండాలి? ఏ మాటకు ఎంత విలువో ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లే పాటలో తేల్చుకుంటారు.

ఇలా 1998లో గోటూ.కామ్ పుట్టింది. పాట ఒక సెంటు దగ్గర మొదలయ్యేది. ఎక్కువ పాడినవాడు పైన, తక్కువ పాడినవాడు కింద. అందులో దాపరికం లేదు. ప్రతి ఫలితం పక్కనా, దాన్ని నొక్కితే ప్రకటనదారుకు ఎన్ని సెంట్లు ఖర్చవుతుందో అచ్చువేసి చూపించేవారు. ఆ ఫిబ్రవరిలో మాంటెరీలో జరిగిన టెడ్ సదస్సులో గ్రాస్ ఈ సంగతి బయటపెట్టినప్పుడు చాలామంది పెదవి విరిచారు. సెర్చ్ ఫలితాలను అమ్మడమా అన్నారు. ఆ విముఖతకు ముందు అనుభవం కూడా ఉంది. 1996లో ఓపెన్ టెక్స్ట్ అనే సెర్చ్ ఇంజన్ డబ్బు తీసుకుని పైచోటు ఇస్తామని ప్రకటించి, విమర్శలు రేగడంతో వెనక్కి తగ్గింది.

ఇద్దరు విద్యార్థుల హెచ్చరిక

అదే 1998లో స్టాన్‌ఫర్డ్ పరిశోధక విద్యార్థులు సెర్గీ బ్రిన్, లారీ పేజ్ తమ గూగుల్ గురించి ఒక పత్రం రాశారు. దాని చివర అనుబంధంలో ప్రకటనల గురించి గట్టి మాటలే ఉన్నాయి. వాళ్లు ఇచ్చిన ఉదాహరణ ఇది: సెల్‌ఫోన్ అని వెతికితే తమ ఇంజను మొదట చూపించింది, డ్రైవింగ్‌లో ఫోన్ మాట్లాడితే దృష్టి ఎలా చెదురుతుందో చెప్పే ఒక అధ్యయనం. ఫోన్ కంపెనీల ప్రకటనల మీద బతికే సెర్చ్ ఇంజను, తనకు డబ్బిచ్చేవాళ్ల ముందు ఇలాంటి పేజీని సమర్థించుకోవడం కష్టమని రాశారు. ప్రకటనల డబ్బుతో నడిచే ఇంజన్లు సహజంగానే ప్రకటనదారుల వైపు మొగ్గుతాయని హెచ్చరించారు.

కానీ గూగుల్‌కూ బతుకుతెరువు కావాలి. మొదట సేల్స్‌మన్ల చేత పెద్ద కంపెనీలకు, వెయ్యిసార్లు చూపిస్తే ఇంత అనే పాత రేటుకే అక్షరాల ప్రకటనలు అమ్మించింది. 2000 అక్టోబరులో యాడ్‌వర్డ్స్ తెచ్చింది. సేల్స్‌మన్ అక్కర్లేదు, క్రెడిట్ కార్డు ఉన్న ఎవరైనా తమ ప్రకటన తామే పెట్టుకోవచ్చు. 350 మంది ప్రకటనదారులతో అది మొదలైంది. బతికున్న లాబ్‌స్టర్ రొయ్యలను పార్సిల్‌లో పంపే ఒక చిన్న వ్యాపారి అందరికంటే ముందు వచ్చి చేరినవాళ్లలో ఒకడు. అలాంటివాడికి టీవీలో క్షణం చోటు కూడా దొరికేది కాదు. ప్రకటనల ప్రపంచం తలుపు చిన్నవాళ్లకు తెరుచుకున్నది అక్కడే.

అయినా లెక్క ఇంకా వెయ్యికి ఇంత అన్నదే. 2001లో గూగుల్ రాబడి 8.6 కోట్ల డాలర్లు. ఆ ఏడే ఓవర్‌చర్‌గా పేరు మార్చుకున్న గోటూ రాబడి 28.8 కోట్ల డాలర్లు. పెదవి విరిచినవాళ్లకు ఆ అంకెలే జవాబు.

లడ్డూ పాటలో ఉన్న కిటుకు

అయితే గోటూ పద్ధతిలో రెండు లోపాలున్నాయి. ఎంత పాడితే అంతా కట్టాలి. నేను 50 సెంట్లు పాడి, నా తరువాతివాడు 30 దగ్గరే ఉంటే, 31 పాడినా పైచోటు నాదే కదా అని తగ్గిస్తాను. వాడు 32కు పెంచుతాడు, నేను 33 అంటాను. ఇలా పెంచుతూ పోయి ఒకడు విసిగి కిందికి పడిపోతాడు, పైవాడు మళ్లీ తగ్గిస్తాడు. ఈ రంపపు పళ్ల ఆట ఆడటానికి జనం సాఫ్ట్‌వేర్లే పెట్టుకున్నారు. రెండో లోపం, డబ్బున్నవాడు పనికిరాని ప్రకటన పెట్టినా పైన కూర్చుంటాడు.

టెహ్రాన్‌లో పుట్టిన సలార్ కమంగర్, కెనడాకు చెందిన ఎరిక్ వీచ్ గూగుల్‌లో ఈ చిక్కు తీయడానికి కూర్చున్నారు. వీచ్ అంతకుముందు పిక్సర్‌లో పనిచేశాడు, కంప్యూటర్ బొమ్మల్లో కాంతి నడకను లెక్కగట్టడంలో దిట్ట. గెలిచినవాడు తాను పాడినంతా కట్టనక్కర్లేదు, తన కిందివాణ్ణి దాటడానికి సరిపడా కడితే చాలన్నది వీచ్ తెచ్చిన మార్పు.

ఇది మనకు కొత్త కాదు. 1994లో 450 రూపాయలతో మొదలైన బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలంలో జరిగేదీ ఇదే. గెలిచినవాడు మనసులో ఎంతదాకా పోదామనుకున్నాడో ఎవరికీ తెలియదు. ఎదుటివాడు ఆగినచోటికి కాస్త పైన ఆయన పాట ఖాయమవుతుంది, కట్టేది అంతే. ఈ కిటుకును సీలు వేసిన కవర్ల వేలానికి అన్వయించి, అలాంటి పాటలో నిజం చెప్పడమే లాభమని 1961లో నిరూపించినవాడు కొలంబియా విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త విలియం విక్రీ. 1996 అక్టోబరులో ఆయనకు నోబెల్ ప్రకటించారు. మూడు రోజులకే కన్నుమూశాడు. తన సిద్ధాంతానికి దగ్గరి పద్ధతి ఒకటి ప్రపంచమంతా నిమిషనిమిషం నడుస్తుందని ఆయన చూడలేదు.

రెండో లోపానికి మందు 2002 ఫిబ్రవరిలో వచ్చిన యాడ్‌వర్డ్స్ సెలెక్ట్‌లో ఉంది. పాటను ఒక్కదాన్నే చూడకుండా, ఆ ప్రకటనను జనం ఎంతమంది నొక్కుతున్నారన్నదానితో హెచ్చవేశారు. ఒక లెక్క వేసి చూద్దాం. "గద్వాల చీరలు" అనే మాట మీద ఇద్దరు పోటీ పడ్డారనుకోండి. మొదటివాడు క్లిక్‌కు 20 రూపాయలు పాడాడు, కానీ ప్రకటనలో అన్నిరకాల బట్టలూ అమ్ముతామని రాశాడు. చూసిన వందమందిలో ఒక్కరే నొక్కారు. రెండోవాడు పాడింది 12 రూపాయలే, కానీ గద్వాల నేత చీరలు, జరీ అంచు, ఇంటికే డెలివరీ అని సూటిగా రాశాడు. వందలో ముగ్గురు నొక్కారు. వందసార్లు చూపిస్తే మొదటివాడి వల్ల వచ్చేది 20 రూపాయలు, రెండోవాడి వల్ల 36. పైచోటు రెండోవాడిదే. పైగా అతను 12 కూడా కట్టడు. మొదటివాడి 20ని దాటడానికి మూడు క్లిక్కుల మీద ఎంత కావాలో అంతే, అంటే క్లిక్‌కు ఏడు రూపాయల లోపు.

ఈ ఆవిష్కరణ ప్రాణమంతా ఈ చిన్న హెచ్చవేతలోనే ఉందని నా నమ్మకం. వెతికేవాడికి పనికొచ్చే మాట చెప్పినవాడికి తక్కువ ఖర్చుతో పైచోటు దక్కింది. దాన్నే 2005 నుంచి మరికొన్ని కొలతలు కలిపి క్వాలిటీ స్కోర్ అన్నారు.

కోర్టులు, కొత్త దారులు

2002 ఏప్రిల్‌లో ఓవర్‌చర్ తన పేటెంటును అతిక్రమించారంటూ గూగుల్ మీద దావా వేసింది. 2003లో యాహూ ఓవర్‌చర్‌నే కొనేసింది. 2004 ఆగస్టులో, షేర్ మార్కెట్లోకి అడుగుపెట్టడానికి కొద్దిరోజుల ముందు గూగుల్ 27 లక్షల షేర్లు యాహూకు ఇచ్చి రాజీ చేసుకుంది. కీవర్డు మీద వేలం అనే ఆలోచనకు ఆద్యుడు బిల్ గ్రాస్ అన్న సంగతి ఈ రంగంలో ప్రతి విద్యార్థీ గుర్తుంచుకోవాలి.

2003లో వచ్చిన యాడ్‌సెన్స్ ఇదే పద్ధతిని ఇతరుల వెబ్‌సైట్లకూ తీసుకెళ్లింది. ఇంట్లో కూర్చుని వంటలో, వ్యవసాయమో రాసేవాళ్లకూ కొంత రాబడి వచ్చింది. తెలుగు పేజీలకు ఆ అవకాశం అధికారికంగా వచ్చింది 2018లో. సోషల్ మీడియా కూడా ఈ దారే పట్టింది. అక్కడ మనిషి వెతకడు కాబట్టి అతని ఇష్టాయిష్టాల మీద అంచనా వేస్తారు. ఫేస్‌బుక్ తన వేలానికి విక్రీ సిద్ధాంతాన్ని మరింత దగ్గరగా అనుసరించే పద్ధతిని ఎంచుకుంది.

విద్యార్థులుగా బ్రిన్, పేజ్ చేసిన హెచ్చరికకు కాలం చెల్లలేదు. గోటూ ప్రతి ఫలితం పక్కనా రేటు చూపించింది. 2002లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, డబ్బు తీసుకున్న ఫలితాలను స్పష్టంగా వేరుచేసి చూపాలని సెర్చ్ ఇంజన్లకు లేఖ రాసింది. అయినా ప్రకటనల వెనుక ఉండే రంగు తరువాత పోయింది, చిన్న గుర్తు మాత్రం మిగిలింది. 2024 ఆగస్టులో వాషింగ్టన్‌లోని ఫెడరల్ న్యాయస్థానం, సెర్చ్‌లోనూ సెర్చ్ అక్షర ప్రకటనల్లోనూ గూగుల్ తన గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలబెట్టుకుందని తీర్పు చెప్పింది. వేలంపాట న్యాయంగా ఉండాలంటే పాట పాడించేవాడికీ పోటీ ఉండాలి. లేకపోతే పాట ఎక్కడ మొదలవ్వాలో, నియమం ఎలా మారాలో అతని ఇష్టమే అవుతుంది.

ఈ కథ నుంచి చిన్న వ్యాపారం చేసుకునే తెలుగువాళ్లు తీసుకోవాల్సిన పాఠం ఒక్కటే. డబ్బుతో పెద్దవాళ్ల మీద గెలవలేరు, సూటిగా రాసిన మాటతో గెలవగలరు. మీ కొనుగోలుదారు ఏ మాట టైపు చేస్తాడో అదే మాటతో మీ ప్రకటన రాయండి, నొక్కినవాణ్ణి అదే వస్తువున్న పేజీకి తీసుకెళ్లండి. ఇక వెతికేవాళ్లందరికీ ఒక విన్నపం: నొక్కేముందు పక్కన "స్పాన్సర్డ్" అని ఉందేమో చూడండి. ముఖ్యంగా బ్యాంకు, ఆసుపత్రి, కస్టమర్ కేర్ నంబర్ల కోసం వెతికేటప్పుడు, పైన ఉన్నంత మాత్రాన అది అసలైనదని నమ్మకండి. ఆ చోటు వేలంలో గెలుచుకున్నది.